ఒక్క కుదుపు

ఘాట్‌రోడ్డు మలుపులో ఆగిన కంటిబండి, ఊరూరా తిరిగి కంటి ఆపరేషన్లు చేసే బండి, మళ్ళీ బయలుదేరింది. ఆ సంగతి లోపల ఎవరికీ తెలియలేదు, తెలియాల్సిన పనీ లేదు. బల్ల మీద పడుకున్న సోములమ్మ ఎడమ కంట్లో డాక్టరు మేదిని చేతిలోని కత్తి మొన ఉంది. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే కన్ను పోతుంది. బండి నలభై కిలోమీటర్ల వేగం అందుకుంది, రెండు మలుపులు తిరిగింది, ఎదురొచ్చిన బస్సుకి దారిచ్చింది. మేదిని కంట్లోని మసకపొరను ఊడదీసి పళ్ళెంలో పెట్టి, "అయిపోవచ్చిందమ్మా, ఊపిరి మామూలుగానే తీసుకో" అంది.

అద్దం గోడకి ఇవతల కూర్చుని వరహాలు ఇదంతా చూస్తున్నాడు. పదిహేను నెలలుగా చూస్తూనే ఉన్నాడు, అయినా తనివి తీరదు. పక్కన ఎవరు కూర్చున్నా, వాళ్ళు అడిగినా అడక్కపోయినా, ఆయన చెప్పే మాట ఒకటుంది. ఆ రోజు పక్కన ఎవరూ లేక బండికే చెప్పాడు.

"నా కూతురు పుట్టి బుద్ధెరిగాక ఒక్క కుదుపెరగదు. అందుకే ఆ సెయ్యి అలా నిలబడతాది."

"చాలా సంతోషం" అంది బండి మర్యాదగా. అది ఎవరేం చెప్పినా అంతే అంటుంది.

నిండుకుండ తొణకదని మన పెద్దలు అన్నది మనిషి గురించి. నలభై ఏళ్ళ కిందట కొందరు ఇంజినీర్లు ఆ మాటని బండికి పెట్టారు. 'నిండుకుండ' అన్న పేరుతో వాళ్ళు తెచ్చిన పద్ధతి చెప్పడానికి తేలికే. అంచుదాకా నీళ్ళు నింపిన కుండ బండిలో పెడితే, బండి కదిలినా తిరిగినా ఆగినా చుక్క ఒలకకూడదు. బాటా చక్రమూ కూర్చునే బల్లా, మూడూ ఒకే లెక్కలో నడుస్తాయి. ఏ బండి ఎప్పుడు కదలాలో ఆ లెక్క తెలిసిన బాటే చెబుతుంది, దాన్ని వరసబాట అంటారు. మనిషి చెయ్యి అక్కర్లేదు, కాలు అసలే అక్కర్లేదు.

దాంతో లోకం తీరే మారిపోయింది. మంగలి నడిచే బండిలో గడ్డం గీస్తాడు. ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ ఆడవాళ్ళు పాలు కాచుకుంటారు. పసిపిల్లలు బస్సుల్లోనే తప్పటడుగులు వేస్తారు. సీటు బెల్టులు పోయాయి, పైన వేలాడే పట్టీలు పోయాయి, పట్టుకోవడానికి ఉండే కడ్డీలు పోయాయి. రోడ్డు మీద మనుషులు చనిపోవడం కూడా పోయింది. మంచిదే. మంచిది కాదని ఏ నోటితో అంటాం?

వరహాలుది మాత్రం పాత పని. వరసబాట ఎక్కని కొండపల్లెలు ఇంకా ఉన్నాయి. అక్కడి రోగులను కంటిబండి దాకా తేవడానికీ, తిరిగి దింపడానికీ చేత్తో తోలే కారొకటి వెంట ఉండాలని నియమం. కంటిబండి వెనక కొక్కేనికి తగిలించి ఉన్న ఎర్ర కారు ఆయనదే. అరవై ఏళ్ళ నాటి పెట్రోలు బండి, గేర్లు తనంతట తనే మార్చుకునే రకం. ఆ రోజుల్లో కుర్రకారు ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అనేవారట. చూడ్డానికి కూరగాయలకు వెళ్ళే బుల్లి కారు, లోపల మాత్రం పొగరుబోతు ఇంజిను.

ఈ ఉద్యోగానికి ముందు వరహాలు తగరపువలస అవతల ఒక పాత విమానాల మైదానంలో పనిచేశాడు. నిండుకుండ కాలంలో పుట్టినవాళ్ళు పూర్వం మనుషులు ఎలా ప్రయాణం చేసేవారో చూద్దామని అక్కడికి వచ్చేవారు. వాళ్ళని ఎర్ర కారులో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, నిలబడ్డ చోటు నుంచి ఒక్క ఉరుకు ఉరికించడం ఆయన పని. కొందరు కేకలు పెట్టారు, కొందరు కక్కుకున్నారు, కొందరు దిగగానే ఇంకోసారి అన్నారు. అలా వందలమందికి ఆ రుచి చూపించాడు గానీ కూతురికి ఒక్కనాడూ చూపించలేదు. చిన్నప్పుడు మేదిని ఎంతో మారాం చేసింది. తల్లి లేని పిల్ల, ఒళ్ళు అదరకుండా పెంచాలి అనుకున్నాడు ఆయన. వద్దన్నాడు. తర్వాత ఆ పిల్లే అడగడం మానేసింది.

*

మధ్యాహ్నం కంటిబండి సంతబయలులో ఆగింది. సోములమ్మని ఇంటికి దించాలి. కొత్తగా ఆపరేషను చేసిన కంట్లో మొదటి గంటలో పది నిమిషాలకోసారి మందు చుక్కలు పడాలి కాబట్టి తనూ వస్తానంది మేదిని. తండ్రి కారు ఎక్కడం ఆమెకి అదే మొదటిసారి.

వరహాలు ఆమెకి బెల్టు పెట్టాడు. మేదిని నవ్వింది.

"నన్నెందుకు కట్టేస్తున్నావు నాన్నా? పారిపోతానా?"

"పాత బండమ్మీ. దీని పద్ధతులు దీనికున్నాయి."

వెనక సీట్లో సోములమ్మకి ఎవరూ ఏమీ చెప్పలేదు. డెబ్భై దాటిన మనిషి, ఒక కంటికి కట్టు, రెండో కన్ను మసక. ఎక్కీ ఎక్కగానే తడిమి చూసుకుని తలుపు పైనున్న పట్టీని కుడిచేత్తో పట్టుకుంది, ముందు సీటు కింద పాదాలు తన్నిపెట్టింది, వీపు చేరవేసింది. మేదిని వెనక్కి తిరిగి చూసి ఆశ్చర్యపోయింది.

"ఎందుకమ్మా అంత బిగుసుకుని కూర్చున్నావు? ఒళ్ళు నొప్పెట్టదూ?"

"బండెక్కితే పట్టుకోవాల గదమ్మా" అంది సోములమ్మ.

వాన మొదలైంది. వరహాలు కారుని పెళ్ళికూతురి పల్లకీ మోసినంత నెమ్మదిగా నడిపాడు. కూతురు పక్కనుంటే ఆయన కాలు ఎక్సిలరేటరు మీద బరువు పడదు. ఇంకా వరసబాట దాటలేదు. కొండవాగు గెడ్డ మీది ఇరుకు వంతెన దగ్గర అది ఎర్రదీపం చూపించింది. అవతల నుంచి బళ్ళు వస్తున్నాయి. ఆయన తెల్లగీత దగ్గర ఆపాడు. వెనక మనుషులు లేని సరుకుబండి ఒకటి, కాఫీగింజల బస్తాలతో, అంతే బుద్ధిగా వచ్చి ఆగింది. ఎడమపక్క కొండ, కుడిపక్క లోయ, ముందు ఎనభై మీటర్ల వంతెన. వంతెన దాటగానే రాతిగోడ, అక్కడ రోడ్డు ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది.

మందు చుక్కల వేళ అయింది. మేదిని బెల్టు విప్పి, సీటు మీద మోకాళ్ళు వేసి వెనక్కి తిరిగి, సోములమ్మ కంటికట్టు పైకెత్తింది.

"అమ్మీ, బెల్టు" అన్నాడు వరహాలు.

"బండి ఆగే ఉంది కదా నాన్నా. ఒక్క నిమిషం."

ఆగే ఉంది కదా అని ఆయనకీ అనిపించింది. ముప్పై ఏళ్ళు ఎవరు కారెక్కినా బెల్టు పడితే గానీ తాళం తిప్పని మనిషి, సొంత కూతురి దగ్గర ఊరుకున్నాడు.

సోములమ్మే ముందు విన్నది. చుక్క పడుతుంటే మొహం పక్కకి తిప్పేసుకుంది.

"బావూ, కొండ అరుస్తంది."

వరహాలు పైకి చూశాడు. ముందు గులకరాళ్ళు కారు పైకప్పు మీద రాలాయి. తర్వాత ఆయన ఆ వయసుదాకా చూడనిది ఒకటి చూశాడు. నిలువెత్తు సిల్వర్‌ఓక్ చెట్టు ఒకటి, కొమ్మ వంగకుండా నిటారుగా నిలబడే, కిందికి దిగి వస్తోంది. దానికింద నేల నడుస్తోంది.

వెనక్కి వెళ్ళడానికి లేదు, సరుకుబండి ఉంది. ముందు వంతెన మీంచి ఆఖరి బండి అప్పుడే దాటిపోయింది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

ఆలోచించింది ఆయన కాదు, కాళ్ళూ చేతులే. గేరు కడ్డీని, మైదానంలో వాడే ఉరుకు గుర్తు మీదికి లాగాడు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూశాడు. ఎడమకాలితో బ్రేకు నేలకి తొక్కిపట్టి, కుడికాలితో ఎక్సిలరేటరు ఒక్కసారిగా అడుగంటా తొక్కాడు. ఇంజిను గొంతు పెద్దదైంది. ఇంజిను చుట్లు చూపే ముల్లు మూడువేల దగ్గరికి లేచి అక్కడే నిలబడింది. కారు ముక్కు నేలకి వంగి, లోపలంతా సన్నగా వణికింది. ఇక ఎడమకాలు తీయడమే ఉంది. పాతకాలపు ఆ బళ్ళలో కిటుకంతా అంతే. ముందు శక్తినంతా బ్రేకు వెనక పోగేసి, ఆపైన వదలాలి. మామూలుగా బయలుదేరేదానికీ దీనికీ తేడా రెండే రెండు సెకన్లు.

"పట్టుకో మేదినీ!"

మేదిని ఆయన వైపు చూసింది. ఆమె మొహంలో భయం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"దేన్ని?"

ఇరవైయేడేళ్ళ పిల్ల, చదువుకున్న పిల్ల, చెయ్యి చాస్తే తలుపు పైన పట్టీ ఉంది, సీటు అంచు ఉంది, తండ్రి భుజం ఉంది. ఆ చెయ్యి వేటి వైపూ వెళ్ళలేదు. కుదుపు వస్తుందని ఎరిగిన ఒళ్ళయితే అడక్కుండానే దేన్నో ఒకదాన్ని అందుకుంటుంది. ఆమె ఒంటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చుక్కలు వృథాగా పోకుండా మందు సీసాని జాగ్రత్తగా నిలబెట్టి పట్టుకుందంతే.

చెట్టు నీడ అద్దం మీద పడింది. వరహాలు ఎడమకాలు తీశాడు.

కారు ఉరికింది. మోకాళ్ళ మీదున్న మేదిని తలకిందులుగా వెనక సీట్లోకి వెళ్ళిపడింది. ఆమె కేక వేయలేదు. కేక వేయడానికి కూడా ముందు ఏం జరుగుతోందో తెలియాలి. కళ్ళు కనపడని సోములమ్మ ఎడమచేత్తో ఆమె నడుము దొరకబుచ్చుకుంది. వంతెన పలకలు చక్రాలకింద ఒక్క చప్పుడుగా పోయాయి. వెనక ఏదో పెద్దగా కూలింది. ఎదుట రాతిగోడ వచ్చేసింది. ఇప్పుడు ఆపాలి. ఉరుకు నేర్చినవాడికి ఆపడమూ వచ్చు. రెండు కాళ్ళూ బ్రేకు మీద నిలబెట్టాడు.

ఆపినప్పుడే జరిగింది. సోములమ్మ పట్టు జారింది. మేదిని ముందుకి వచ్చి రెండు సీట్ల మధ్య పడింది. ఆమె కుడిచెయ్యి ఒంటికింద పడి ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

కారు గోడకి మూరెడు దూరంలో ఆగింది. వరహాలు దిగి చూశాడు. తెల్లగీత లేదు, అది ఉన్న రోడ్డే లేదు. సరుకుబండి వెనక్కి కదలడం మొదలుపెట్టిందట. బస్తా ఒకటి కూడా పడకుండా, తొణక్కుండా, పద్ధతి ప్రకారం కదులుతూనే మట్టికిందికి పోయింది.

*

బళ్ళ రాకపోకలు చూసే గమనసంస్థ నుంచి విచారణకి వచ్చిన అధికారిణి పేరు సుభాషిణి. మంచి మనిషి. వరహాలు ఇంట్లో చాపమీద కూర్చుని అంకెలన్నీ ఓపిగ్గా చెప్పింది. కారు కదిలిన ఒకటిన్నర సెకన్లకి, కొండతో పాటు జారిన పెద్ద రాయి ఆ చోట పడింది. నిండుకుండ బండి అయితే ఆ సమయంలో నాలుగు అడుగులు కూడా జరిగేది కాదు.

"మరి ఆ బళ్ళు అలాంటప్పుడు కాస్త గట్టిగా ఉరకలేవా తల్లీ?" అని అడిగాడు వరహాలు.

"ఉరకగలవండీ. ఇంజిన్లకి ఆ బలం ఉంది. మేమే కట్టేశాం." అంది ఆమె. "లోపల జనం నిలబడి ఉంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు, ఎవరో టీ కాస్తుంటారు. ఉరికితే రాయి చంపేకన్నా మేమే ఎక్కువమందిని చంపుతాం. మొదట్లో జనం సుఖం కోసం మెత్తగా నడిపాం. ఇప్పుడు మెత్తగా తప్ప నడపడానికి లేకుండా పోయింది."

వెళ్తూ ఆయనకి నమస్కారం పెట్టి, మూడు ప్రాణాలు కాపాడారు అంది. వీధిలో వాళ్ళూ అదే అన్నారు. పేపర్లో ఫొటో వేశారు. వరహాలు ఆ పేపరు మడిచి దాచలేదు, పారేయలేదు, అలా కుర్చీలోనే వదిలేశాడు.

మేదిని మణికట్టు ఎనిమిది వారాల్లో అతికింది. నరాలు బాగున్నాయి, వేళ్ళు బాగున్నాయి, పరీక్షలన్నీ బాగున్నాయి. వైద్యులు సంతకం పెట్టి పంపారు. తిరిగి చేరిన మొదటి రోజు బల్ల మీద సోములమ్మే ఉంది, రెండో కన్ను కోసం. వరహాలు అద్దం గోడ ఇవతల తన చోట్లో కూర్చున్నాడు.

మేదిని కత్తి అందుకుంది, వంగింది, ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ వంగింది, మళ్ళీ తీసుకుంది. ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకుంది. ఆ పట్టుకోవడం చూసి వరహాలు లేచి నిలబడ్డాడు.

"బండి ఆపు" అంది మేదిని.

"ఆగే ఉన్నానండి. ఆరు నిమిషాలుగా ఆగే ఉన్నాను" అంది బండి.

ఆ రోజు ఆపరేషను జరగలేదు. మర్నాడూ జరగలేదు. మూడోవారానికి సోములమ్మని వేరే కంటిబండికి రాసిపంపారు. అది వచ్చేసరికి వానాకాలం పోతుంది. ఆవిడ పోయేముందు మేదిని కుడిచేతిని రెండు చేతుల మధ్యా పెట్టుకుని కాసేపు ఒత్తింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని మేదిని తానే ఎత్తింది.

"నాన్నా, అది ఆగి ఉందో కదులుతోందో లోపలున్నవాళ్ళకి తెలియదు. అదే కదా దాని గొప్ప. ఇన్నాళ్ళూ నాకు తెలుసుకోవాలని అనిపించలేదు. ఇప్పుడు క్షణక్షణం అనిపిస్తోంది. కత్తి ఆనించగానే ఒళ్ళు దేనికోసమో ఎదురుచూస్తుంది. రాదని నాకు తెలుసు. దానికి తెలియడం లేదు."

"కొన్నాళ్ళు పోతే..."

"పోదు. మంచం మీద పడుకున్నా పట్టుకునే పడుకుంటున్నాను." ఆమె కంచంలో వేళ్ళు కడిగేసుకుంది. "ఆ రోజు పడిపోతూ నిన్ను చూశాను. నీ వీపు, మెడ, కాళ్ళు, అన్నీ ముందే సిద్ధంగా ఉన్నాయి. ఆ ముసలమ్మ కూడా సిద్ధంగా ఉంది, కళ్ళు లేకపోయినా. బండిలో నేనొక్కదాన్నే తెలియనిదాన్ని. ఊళ్ళో అందరికీ చూపించావు కదా. నాకెందుకు చూపించలేదు?"

వరహాలు 'ప్రేమకొద్దీ' అనబోయాడు, ఆ మాట తన చెవికే చేదుగా తోచి మింగేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"రేపు నన్ను ఆ మైదానానికి తీసుకెళ్ళు" అంది మేదిని. "అది ఎప్పుడొస్తుందో తెలిసి రావాలి నాకు. పదిసార్లు, ఇరవైసార్లు. వచ్చేది ఎలా ఉంటుందో ఒంటికి బాగా తెలిస్తే, రాని చోట రాదని నమ్ముతుందేమో."

*

మైదానంలో ఎండ కాస్తోంది. పాత సిమెంటు బాట పగుళ్ళలో తుమ్మికూర మొలిచింది. ఎదురుగా కిలోమీటరు దాకా ఏమీ లేదు, ఒక మేక కూడా లేదు.

మేదిని బెల్టు తనే పెట్టుకుంది, రెండుసార్లు లాగి చూసుకుంది. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో తలుపు పైనున్న పట్టీని పట్టుకుంది. తల వెనక్కి ఆనించింది. పాదాలు తన్నిపెట్టింది. అన్నీ సోములమ్మ చేసినట్టే.

"చెబుతూ చెయ్యి నాన్నా."

వరహాలు చెప్పాడు. వందలమందికి చెప్పిన మాటలే, నోరు దానంతట అదే పలికింది. గేరు ఉరుకు గుర్తు మీదికి. చక్రాలు తిన్నగా. ఎడమకాలు బ్రేకు మీద గట్టిగా. కుడికాలు అడుగంటా. ఇంజిను గర్జించింది, ముల్లు మూడువేల దగ్గర నిలబడింది, కారు ముక్కు వంగింది.

"ఇప్పుడు ఎడమకాలు తీస్తాను" అన్నాడు.

"తియ్యి."

ఆయన తీయలేదు. తీద్దామనే అనుకున్నాడు. కాలికి కబురు పంపాడు కూడా. ఆ కాలు బ్రేకు మీద అలాగే ఉంది. పక్కన కూతురి ఊపిరి వినపడుతోంది. బాట మీద ఏ రాయీ లేదు, ఏ చెట్టూ నడిచి రావడం లేదు. అయినా ఆయనకి కనపడుతున్నది వెనక సీట్లోకి తలకిందులుగా పోతున్న పిల్ల ఒక్కతే.

నాలుగు సెకన్లు, ఐదు. ఇంకా ఆలస్యమైతే గేరుపెట్టె వేడెక్కుతుందని కారే తనంతట తను ఇంజినుని తగ్గించేసింది. మైదానం మీద గాలి చప్పుడు మళ్ళీ వినపడింది.

మేదిని పట్టీ వదలలేదు. ఆయన మొహం వైపు చూడనూ లేదు, చూస్తే ఆయన తట్టుకోలేడని తెలుసు.

"నేను సిద్ధంగానే ఉన్నాను నాన్నా" అంది. "మళ్ళీ మొదటి నుంచీ."

వరహాలు గేరు కడ్డీ వెనక్కి తెచ్చి మళ్ళీ ఉరుకు గుర్తు మీద పెట్టాడు. చక్రాలు తిన్నగా ఉన్నాయని చెప్పాడు. కుడికాలు అడుగంటా తొక్కాడు. ముల్లు లేచింది, నిలబడింది. ఎడమకాలు బ్రేకు మీంచి లేవలేదు.